ఊరి పక్కన పరిశ్రమ వస్తోందంటే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు ఎలా సిద్ధం కావాలి?

దినపత్రిక జిల్లా పేజీలో టెండర్ల పక్కన చిన్న అక్షరాలతో ఒక ప్రకటన వస్తుంది. ఫలానా మండలం, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లలో ప్రతిపాదించిన పరిశ్రమకు సంబంధించి, ఫలానా తేదీన ఉదయం 11 గంటలకు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని అందులో ఉంటుంది. ఆ ప్రకటనకూ సభకూ మధ్య చట్టం ఇచ్చే గడువు కనీసం 30 రోజులు. చాలా ఊళ్లలో ఆ నెల రోజులూ పుకార్లతో, వాదులాటలతో గడిచిపోతాయి. సభ రోజున టెంటు కింద కేకలు వినిపిస్తాయి, మర్నాడు పత్రికలో ఫొటో వస్తుంది, కానీ ఢిల్లీలోనో రాష్ట్ర రాజధానిలోనో ఆ ప్రాజెక్టును పరిశీలించే నిపుణుల చేతికి చేరే మినిట్స్‌లో, అంటే సభలో జరిగినదాని అధికారిక నమోదులో మాత్రం మీ ఊరి గురించి నాలుగు పొడి వాక్యాలకు మించి ఉండవు. మీరు పరిశ్రమను కోరుకునేవారైనా, వద్దనేవారైనా, షరతులతో ఒప్పుకునేవారైనా, కాగితం మీదికి ఎక్కని మాటకు ఈ ప్రక్రియలో విలువ లేదన్న సంగతిని ముందుగా గ్రహించాలి. ఈ నెల రోజుల్లో చేయవలసిన పనులన్నీ మీ మాటను ఆ కాగితం మీదికి చేర్చడం కోసమే.

మీ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఈ సభకు ఆధారం. దాని ప్రకారం పెద్ద ప్రాజెక్టులు ‘ఏ’ కేటగిరీలోకి వస్తాయి, వాటికి అనుమతి ఇచ్చేది కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ. మిగిలినవి ‘బి’ కేటగిరీలోకి వస్తాయి, వాటికి రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థ అనుమతి ఇస్తుంది. ‘బి’లో మళ్లీ ‘బి2’ కిందికి వచ్చిన వాటికి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ముందే అనుమతి పొందిన పారిశ్రామిక పార్కులో పెట్టే యూనిట్లకు కూడా మినహాయింపు ఉంది. కాబట్టి మీ దగ్గర వచ్చేది పార్కు అయితే, ఆ పార్కు అనుమతి కోసం జరిగే సభే మీకు దక్కే ఒకే ఒక అవకాశం కావచ్చు. రేపు అందులోకి ఏ ఫ్యాక్టరీ వచ్చినా మళ్లీ మిమ్మల్ని అడగకపోవచ్చు.

సభను నిర్వహించే బాధ్యత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. అధ్యక్షత వహించేది కలెక్టరు, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి. కోరం అనే నియమం లేదు, పది మంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. మొత్తం కార్యక్రమాన్ని వీడియో తీయాలి. హాజరైన ప్రతి ఒక్కరికీ వివరణ కోరే అవకాశం ఇవ్వాలి. ఊరివాళ్లు కానివారు సభలో మాట్లాడరాదని ఎవరైనా అడ్డుకుంటే వాదనకు దిగనక్కరలేదు. ప్రాజెక్టుతో సంబంధం ఉన్న ఎవరైనా కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా అభిప్రాయం పంపే వీలు అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఉద్యోగం కోసం హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్లిన మీ ఊరి పిల్లలు దీన్ని వాడుకోవచ్చు.

నివేదికను తెప్పించుకోండి, కానీ సారాంశంతో ఆగకండి

ముసాయిదా పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థల కార్యాలయాల్లో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ప్రజలు చూసుకోవడానికి అందుబాటులో ఉండాలి. పంచాయతీ కార్యాలయంలో అడిగితే బీరువా తాళం లేదనే జవాబు వచ్చే అవకాశం ఉంది కనుక నేరుగా ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లడం మంచిది. వెళ్లిన తేదీని, ఏం ఇచ్చారో, ఏం ఇవ్వలేదో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. నివేదిక అందుబాటులో లేకపోవడం కూడా సభలో నమోదు చేయించదగిన అంశమే.

తెలుగులో దొరికేది సాధారణంగా పాతిక ముప్పై పేజీల సారాంశమే, వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. సారాంశంలో అన్నీ సజావుగానే కనిపిస్తాయి, చిక్కులుండేది అసలు నివేదికలో. ఇంజనీరింగు చదివినవారు, టీచర్లు, వ్యవసాయ డిగ్రీ ఉన్నవారు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి అధ్యాయాలు పంచండి. మొత్తం చదవనక్కరలేదు. ప్రాజెక్టు స్థలం గురించి ఉన్న అధ్యాయం, ప్రస్తుత పర్యావరణ స్థితి గురించి ఉన్న అధ్యాయం, ప్రమాదాల అంచనా, పర్యావరణ యాజమాన్య ప్రణాళిక, ఈ నాలుగూ చాలు. ప్రతి అభ్యంతరం పక్కన పేజీ నంబరు రాయండి.

సమాచార హక్కు చట్టం గురించి ఒక మాట. దరఖాస్తుకు జవాబు ఇవ్వడానికి అధికారులకు 30 రోజుల గడువు ఉంది. సభ ప్రకటన వచ్చాక దరఖాస్తు పెడితే జవాబు సభ అయ్యాకే వస్తుంది. అందుకే ఇంకా ముందే, కంపెనీ భూములు చూస్తోందని తెలిసిన నాడే మొదలుపెట్టాలి. అంతకంటే సులువైన దారి, పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం 2018లో మొదలుపెట్టిన పరివేష్ వెబ్‌సైటు. అందులో ప్రాజెక్టు దరఖాస్తు, అధ్యయనానికి నిపుణుల కమిటీ నిర్దేశించిన విధివిధానాలు, కమిటీ సమావేశాల మినిట్స్ దొరుకుతాయి. కమిటీ ఏం అధ్యయనం చేయమందో, నివేదికలో ఏం చేశారో పక్కపక్కన పెట్టి చూస్తే సగం ప్రశ్నలు వాటంతట అవే తయారవుతాయి.

ఊరి జ్ఞాపకాన్ని ఆధారంగా మార్చండి

ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. గాలి, నీరు, నేల, శబ్దం గురించిన కొలతలను నివేదికల కోసం సాధారణంగా ఒక్క రుతువులో తీస్తారు, అది వానాకాలం కాకూడదని నోటిఫికేషనే చెబుతుంది. అంటే మూడు నెలల పాటు, పొడి కాలంలో, స్థలం చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో సేకరించిన లెక్కలే నివేదికకు పునాది. గాలిలో దుమ్ము కొలవడానికి పొడి కాలం సరైనదే. కానీ ఆ మూడు నెలల్లో మీ వాగు ఎండిపోయి ఉంటుంది. ఆ వాగు శ్రావణంలో ఎంత వెడల్పున పారుతుందో, చెరువు అలుగు దుమికినప్పుడు నీరు ఏ పొలాల మీదుగా పోతుందో, తుపాను నాడు ఏ దారి మునిగి ఊరు దీవి అవుతుందో ఆ లెక్కల్లో కనిపించదు. వాతావరణం మారుతున్న కాలంలో, తక్కువ గంటల్లో ఎక్కువ వాన కురుస్తున్న రోజుల్లో, ఇది చిన్న లోపం కాదు.

ఆ లోపాన్ని పూరించగలిగేది ఊరే. పెద్దవాళ్లను అడిగి వరద గుర్తులు రాయండి. తీర ప్రాంతమైతే 1977 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు కోనసీమ తుపాను, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2023 మిచౌంగ్ వంటివి మీ ఊరిని తాకాయా, నీరు ఏ గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది అన్నవి నమోదు చేయాలి. లోతట్టు ప్రాంతాలకూ వాటి వరదలు వాటికి ఉన్నాయి. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన తుంగభద్ర, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు, ఖమ్మాన్ని ముంచిన మున్నేరు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. గుడి మెట్లు, బడి గోడ, కరెంటు స్తంభం వంటి కదలని గుర్తుల దగ్గర ఫోనుతో ఫొటో తీసి, ఆ ఫొటోలో స్థలం, తేదీ నమోదయ్యేలా చూడండి. సంవత్సరం, స్థలం, నీటి ఎత్తు, చెప్పిన వ్యక్తి వయసు అనే నాలుగు గడులతో ఒక పట్టిక గీస్తే, అది నివేదికలోని ఏ పట్టికకూ తీసిపోదు.

రెండోది నీటి లెక్క. తాగునీటి బోర్లు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని అడుగులు, ఏ నెలలో ఎండిపోతాయి, పదేళ్ల కిందట ఎన్ని అడుగుల్లో నీళ్లు పడేవి అన్న విషయాలు నీళ్లు మోసే ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియవు. ఇప్పుడే, పరిశ్రమ రాకముందే, నాలుగైదు బావుల నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఫలితాలు దాచుకోండి. తాగునీటి ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు లవణాలను 2,000 వరకు, ఫ్లోరైడ్‌ను 1.5 వరకు అనుమతిస్తారు. రేపు నీరు చెడిపోయిందని మీరంటే, అది ముందు నుంచీ అలాగే ఉందని కంపెనీ అనడం సహజం. ఆ రోజుకు ఈ పాత కాగితమే జవాబు. పటాన్‌చెరు పరిసరాల్లో నక్కవాగు కలుషితమయ్యాక 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం దశాబ్దాలు సాగింది.

మూడోది భూమి. నివేదికలో ‘బంజరు’, ‘నిరుపయోగం’ అనే మాటలు ఎక్కడ కనిపించినా ఆగి చదవండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రానికి ఇచ్చిన స్థలాన్ని స్థానికులు బీల అంటారు. అది వరి పండి, చేపలు దొరికి, ఎత్తిపోతలకు నీళ్లిచ్చే చిత్తడి నేల. అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన 2010 జులై 14నే, జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. నేల ఎటువంటిదన్న ప్రశ్నను అనుమతి ఇవ్వకముందే సరిగ్గా తేల్చి ఉంటే ఆ రక్తం చిందేది కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను. మీ దగ్గర శిఖం భూములు, కుంటలు, పశువుల బీడు, శ్మశానం, జాతర దారి ఏవి ఉన్నా అడంగల్ లేదా పహాణీ నకళ్లతో, గ్రామ నక్షాతో చూపించండి. ఏజెన్సీ గ్రామాలైతే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభకు ఉన్న అధికారాలు వేరు. ఈ సభ జరిగినంత మాత్రాన ఆ గ్రామసభ జరిగినట్టు కాదు.

ప్రశ్నలు రాసుకోండి

‘కాలుష్యం వస్తుంది’ అన్న మాటకు ‘రాదు’ అన్నది జవాబు, అంతటితో అది ముగిసిపోతుంది. అంకెతో గాని పేరుతో గాని జవాబు చెప్పక తప్పని ప్రశ్న అడగాలి.

వరద గురించి అడిగేటప్పుడు, స్థలంలో నమోదైన గరిష్ఠ వరద మట్టం ఎంత, ఫ్యాక్టరీ నేల మట్టం దానికి ఎంత ఎత్తున ఉంటుంది, ప్రమాదకర వ్యర్థాలు దాచే షెడ్డు ఏ మట్టంలో ఉంటుంది అని అడగండి. ఆ వెంటనే రెండో ప్రశ్న వేయండి. స్థలాన్ని మట్టితో ఎత్తు చేస్తే ఇప్పటిదాకా అందులోకి వచ్చి నిలిచే నీరు ఎవరి పొలంలోకి పోతుంది? తన గేటు లోపల మునగకుండా చూసుకోవడం ఏ కంపెనీకైనా తెలుసు, గేటు బయట ఏం జరుగుతుందో చూపే పటం మాత్రం నివేదికలో అరుదుగా ఉంటుంది.

తుపాను గురించి అయితే, చిమ్నీలు, ట్యాంకులు ఎంత గాలి వేగానికి తట్టుకునేలా కడుతున్నారు, కరెంటు వరుసగా ఎన్ని రోజులు పోయినా శుద్ధి కేంద్రం, పొగలోని వాయువులను కడిగే స్క్రబ్బర్లు, రసాయనాలను చల్లగా ఉంచే యంత్రాలు నడుస్తాయి, దానికి ఎంత డీజిల్ నిల్వ ఉంటుంది అని అడగాలి. హుద్‌హుద్ తరువాత విశాఖ నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది.

నీటి వాడకం రోజుకు ఎన్ని కిలోలీటర్లు, ఏ వనరు నుంచి తీసుకుంటారు అన్నది నివేదికలోనే ఉంటుంది. కరువు సంవత్సరంలో ముందుగా ఎవరి వాటా తగ్గిస్తారన్నది ఉండదు, దాన్ని అడగండి. మీ మండలం కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలో ‘క్రిటికల్’ (ప్రమాద స్థితి)గానో ‘ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్’ (మోతాదుకు మించి తోడేసిన స్థితి)గానో ఉంటే ఆ కాగితం జత చేయండి. వ్యర్థ జలాలు చుక్క కూడా బయటికి రావని, అంటే జీరో డిశ్చార్జి అని రాసి ఉంటే, శుద్ధి తరువాత మిగిలే ఉప్పు ఎన్ని టన్నులు, ఎక్కడికి పోతుంది అని అడగండి. ఎండల విషయంలో, ఆరుబయట పనిచేసే కాంట్రాక్టు కూలీలకు మధ్యాహ్నం పని వేళలు ఎలా మారుస్తారో రాతపూర్వకంగా కోరండి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. మూడో వంతు స్థలంలో పచ్చదనం పెంచుతామన్న హామీ ఎలాగూ ఉంటుంది. ఏ చెట్లు అని అడిగితే కోనోకార్పస్ బెడద తప్పుతుంది.

రసాయన పరిశ్రమ అయితే ప్రమాదాల అంచనా అధ్యాయాన్ని విడిగా పట్టుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఇళ్ల మీదికి వచ్చి 12 మందిని బలి తీసుకుంది. ప్రమాద సైరన్ మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నత స్థాయి కమిటీ తేల్చింది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్రణాళికపై ఆరు నెలలకొకసారి, బయటి ప్రణాళికపై ఏడాదికొకసారి మాక్ డ్రిల్ జరగాలి. కాబట్టి వాయువు లీకయితే ఎంత దూరం వ్యాపిస్తుందని నివేదిక లెక్కగట్టింది, ఆ వలయంలోకి ఏయే వీధులు, బడులు వస్తాయి, సైరన్ ఊరి చివరి ఇంటికి వినిపిస్తుందా, గాలి ఎటు వీస్తే జనం ఎటు నడవాలి, డ్రిల్‌లో ఊరిని కలుపుతారా అని అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు లేని యాజమాన్యం ఎన్ని ఉద్యోగాల లెక్క చెప్పినా నేను నమ్మను.

సభ రోజు

ఒకే మాటను రెండు వందల మంది చెబితే మినిట్స్‌లో అది ఒక్క వాక్యమే అవుతుంది. పన్నెండు మంది పన్నెండు విషయాలు చెబితే పన్నెండు నమోదవుతాయి. అందుకే ముందు రోజు సాయంత్రం కూర్చుని ఎవరు ఏ విషయం మాట్లాడాలో పంచుకోండి. ఒక్కొక్కరు మూడు నిమిషాల్లో ముగించి, రాసి తెచ్చిన కాగితాన్ని అధ్యక్ష స్థానంలోని అధికారికి ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోవాలి. బోర్ల గురించి ఆడవాళ్లు, వేట గురించి మత్స్యకారులు, మేత గురించి గొర్రెల కాపరులు మాట్లాడితే ఆ మాటకు ఉండే బరువు నాయకుడి ఉపన్యాసానికి ఉండదు. హాజరు పట్టికలో అందరూ సంతకం చేయాలి.

సభను భగ్నం చేస్తే ప్రాజెక్టు ఆగుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది ఎంత ప్రమాదకరమో చెప్పాలి. స్థానికులు స్వేచ్ఛగా మాట్లాడే వాతావరణం లేదని అధికారులు నివేదిస్తే, ఆ కేసులో సభే అక్కరలేదని నిర్ణయించే అధికారాన్ని 2006 నోటిఫికేషన్ అనుమతినిచ్చే సంస్థకు ఇచ్చింది. కుర్చీలు విరగ్గొట్టి మనమే మన గొంతు నొక్కుకున్నట్టవుతుంది. బహిష్కరించాలని ఊరు నిర్ణయించుకున్నా, లిఖితపూర్వక అభ్యంతరాలు దాఖలు చేశాకే బహిష్కరించండి.

సభ చివర్లో, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు అధ్యక్షుడు సంతకం చేయాలి. అప్పటికి మధ్యాహ్నం దాటి, జనం భోజనాలకు వెళ్లిపోయి ఉంటారు. కనీసం ఐదుగురు చివరిదాకా ఉండి, మీ జాబితాతో సరిచూసి, తప్పిపోయిన అంశాన్ని అక్కడికక్కడే చేర్పించాలి. నా లెక్కలో సభ మొత్తానికీ ఇవే అసలైన పదిహేను నిమిషాలు. మీ వంతుగా కూడా వీడియో తీసి పెట్టుకోండి.

పరిశ్రమ తరఫున ఇది చదువుతున్నవారికి

లారీల్లో జనాన్ని తెచ్చి ముందు వరసల్లో కూర్చోబెడితే సభ గట్టెక్కవచ్చు గాని, ఊరితో ముప్పై ఏళ్లు బతకడం కష్టం. ప్రజాసంబంధాల అధికారికి బదులు ప్రాసెస్ ఇంజనీరును, జలవనరుల నిపుణుణ్ని పంపండి. వరద గురించి ఊరు చెప్పిన గుర్తులను తుది నివేదికలోకి తీసుకుని డిజైన్ మార్చుకుంటే లాభపడేది మొదట మీ యంత్రాలే. పక్క ఊళ్లకు దారులు తెగిన నాడు మీ కార్మికులూ ఫ్యాక్టరీకి రాలేరు.

సభ తరువాత

ఎనిమిది రోజుల్లో సభ వివరాలు అనుమతినిచ్చే సంస్థకు వెళ్లాలి. వాటి ప్రతిని పంచాయతీ, జిల్లా పరిషత్తు, కలెక్టరు కార్యాలయాల్లో ప్రదర్శించాలి. కంపెనీ మీ అభ్యంతరాలకు జవాబులు చేర్చి తుది నివేదిక తయారు చేస్తుంది, దాన్ని నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. ఆ సమావేశపు అజెండా పరివేష్‌లో ముందే వస్తుంది కనుక, మినిట్స్‌లో తప్పులుంటే మీ వీడియో ఆధారంగా కమిటీకి లేఖ రాయడానికి ఇదే సమయం. సభలో ఇచ్చిన హామీలను పర్యావరణ యాజమాన్య ప్రణాళికలో చేర్చాలని కేంద్ర మంత్రిత్వ శాఖ 2020 సెప్టెంబరులో ఆదేశించింది. హామీ పక్కన రూపాయల అంకె, పూర్తి చేసే గడువు లేకపోతే దాన్ని అమలు చేయించడం దాదాపు అసాధ్యం.

అనుమతి వస్తే ఏడు రోజుల్లో కంపెనీ స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. దానిపై జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయడానికి 30 రోజుల గడువు ఉంది. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు అనుమతిస్తారు, ఆ తరువాత ట్రైబ్యునల్‌కు కూడా అధికారం లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తించేది చెన్నైలోని దక్షిణ బెంచి. పరిశ్రమ నడవాలంటే పర్యావరణ అనుమతితో పాటు కాలుష్య నియంత్రణ మండలి నుంచి సి.ఎఫ్.ఓ., అంటే నడపడానికి సమ్మతి కూడా కావాలి. వాటిలోని షరతుల నకళ్లు కూడా తెచ్చుకోండి.

ఆ పైన మిగిలేది ఏటా రెండు తేదీలు. జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతుల అమలుపై కంపెనీ అర్ధసంవత్సర నివేదిక ఇవ్వాలి, అది ప్రజలు చూడదగిన పత్రం. ఊళ్లో ఒకరికి ఆ పని అప్పగించి, నివేదికలోని ప్రతి షరతునూ క్షేత్రంలో చూసి, బావుల నీటిని అదే ప్రయోగశాలలో మళ్లీ పరీక్షించి, సభకు ముందు మీరు చేయించిన ఫలితాల పక్కన ఈ కొత్త అంకెలు రాయించండి. తేడా కనిపించిన నాడు ఫిర్యాదుకు ఆ రెండు వరుసలనూ జతచేసి, ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.